కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి: సీటుతో పాటు ఖర్చు సంగతి కూడా తేల్చండి

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాకు పోలింగ్ డ్యూటీ పడేది. పొద్దున్నే బూతు ముందు లైన్లో నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. పనిలోకి పోయేలోపు ఓటేసి వెళ్దామని వచ్చేవాళ్లు. వాళ్ల వేలికి సిరా పూసేదాన్ని. కానీ వాళ్లు ఓటు వేయాల్సిన పేర్లలో ఆడపేరు కోసం వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పటికీ అదే పరిస్థితి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎనిమిది వేలమందికి పైగా పోటీ చేస్తే, అందులో మహిళలు పదో వంతు కూడా లేరు. 543 స్థానాల్లో గెలిచిన మహిళలు 74 మంది. 2019లో 78 మంది గెలిచారు. పెరగాల్సిన సంఖ్య తగ్గింది. ఓటు వేయడంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా ఉన్నారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం నాకు బాగా తెలిసిన ఒకావిడ. పొదుపు సంఘం లీడరు. ఉపాధి హామీ కూలి డబ్బులు నెలల తరబడి ఆగిపోతే నలభై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని మండల ఆఫీసు ముందు కూర్చుంది. డబ్బులు పడేదాకా లేవలేదు. అలాంటి మనిషి జడ్పీటీసీకి పోటీ చేద్దామని ఒక పార్టీ నాయకుడి దగ్గరకు వెళ్లింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "నువ్వు మంచిదానివమ్మా, జనంలో పేరుంది. ఎంత పెట్టుకోగలవు?" అని అడిగాడు. ఆవిడ దగ్గర రెండు గాజులు, బ్యాంకులో సంఘం అప్పు తప్ప ఏమీ లేవు. టికెట్ ఒక కాంట్రాక్టరు భార్యకు వెళ్లింది. ప్రచారంలో మాట్లాడిందంతా భర్తే. నాకు ఆ భార్య మీద కోపం లేదు, ఆమెను కూడా ఎవరూ అడిగి ఉండరు. సీటు మహిళలకు రిజర్వు చేసినా లోపల జరిగేది ఇదే కదా అని బాధ.

అందుకే మహిళా రిజర్వేషన్ గురించి మాట్లాడినప్పుడల్లా నాకు సంతోషంతో పాటు భయమూ కలుగుతుంది. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు కేటాయించే ఆ బిల్లు మొదటిసారి సభ ముందుకు వచ్చింది 1996లో. 2010లో రాజ్యసభ ఆమోదించాక కూడా ఆగిపోయింది. చివరికి 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. రాజ్యసభలో వ్యతిరేకించినవాళ్లే లేరు. అయినా ఆ చట్టంలోనే జనగణన కావాలి, తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి అని షరతు పెట్టారు. ఇరవై ఏడేళ్లు ఎదురుచూసిన వాళ్లను మళ్లీ ఎదురుచూడమన్నారు.

సరే, సీట్లు వస్తాయి. ఆ సీట్లలో ఎవరు నిలబడతారు? ఎన్నిక ఇంత ఖరీదుగా ఉన్నంతకాలం, డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లే నిలబడతారు.

ఇది మీ శాఖ చేతిలో ఉన్న విషయం. 2022 జనవరిలో పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 70 లక్షల నుంచి 95 లక్షలకు, అసెంబ్లీ అభ్యర్థిది 28 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం స్టార్ ప్రచారకుల, అంటే పార్టీ తరఫున ప్రచారానికి తిరిగే పెద్ద నాయకుల, ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. ఇక ఓటర్లకు పంచే డబ్బు ఏ లెక్కలోనూ ఉండదు. 2017లో చెన్నై ఆర్కే నగర్ ఉప ఎన్నికను, 2019లో వెల్లూరు లోక్‌సభ ఎన్నికను ఆ కారణంతోనే ఎన్నికల సంఘం ఆపేసింది. ఆపింది కొన్నిచోట్లే. మిగతాచోట్ల ఏం జరుగుతుందో బూతుల్లో కూర్చున్న మాకు తెలుసు. ఓటుకు ఎంత ఇచ్చారని లైన్లోనే మాట్లాడుకుంటారు.

డబ్బు లేని ఆడమనిషి గెలవలేదు అనేవాళ్లకు ఒక పేరు చెప్తాను. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ సీట్లలో 7 మహిళలకు ఇచ్చింది. వాళ్లలో ఐదుగురు గెలిచారు. అస్కా నుంచి గెలిచిన ప్రమీలా బిసోయ్ స్వయం సహాయక సంఘంలో పనిచేసిన మనిషి, పెద్దగా చదువుకోలేదు. ఆమె మెజారిటీ రెండు లక్షలు దాటింది. ఏ చట్టం వచ్చేదాకా ఆ పార్టీ ఆగలేదు. మిగతా పార్టీలు ఎందుకు ఆగుతున్నాయో నాకు అర్థం కాదు.

మహిళ అయితే చాలు అని నేను అనడం లేదు. కూలి గిట్టుబాటు గురించి, ఆశా కార్యకర్తలకు జీతం బదులు ఇచ్చే పారితోషికం గురించి, కౌలు రైతు కుటుంబంలో భర్త చనిపోతే మిగిలే అప్పు గురించి సభలో లేచి అడిగే ఆడవాళ్లు కావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా వేలం పాటను అడ్డుకున్నారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. రెండేళ్లకే నిషేధాన్ని ఎత్తేశారు. ఇంటికి చేరాల్సిన కూలి ఎక్కడ ఖర్చవుతుందో ఆ ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నిర్ణయం తీసుకునే చోట మాత్రం వాళ్లు లేరు. పంచాయతీల్లో వాళ్లు ఉన్నచోట తేడా కనిపించింది కూడా. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తర్ డఫ్లో చేసిన పరిశోధనలో, మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టినట్లు తేలింది.

మంత్రి గారూ, మొదట పార్టీల ఎన్నికల ఖర్చుకు చట్టంలో పరిమితి పెట్టండి. నాయకుల సభల ఖర్చులో న్యాయమైన వాటా అభ్యర్థి లెక్కలో పడేలా 77వ సెక్షన్ మార్చండి. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఎన్నికలకు ప్రభుత్వ సాయం డబ్బు రూపంలో కాకుండా వసతుల రూపంలో ఇవ్వాలని చెప్పింది. ఆ సాయాన్ని గుర్తింపు పొందిన పార్టీలకే ఇమ్మంది, నేను దానితో ఏకీభవించను. మొదటిసారి పోటీ చేసే మహిళలకు, స్వతంత్రులకైనా సరే, కరపత్రాల ముద్రణ, ఒక వాహనం, ప్రభుత్వ రేడియో, టీవీలో కాస్త సమయం ఇవ్వండి. మా పొదుపు సంఘం లీడరుకు ఆ మాత్రం అందితే చాలు, మిగతాది ఆమె నడిచి తిరిగి చేసుకుంటుంది.

ఆవిడ ఈసారి స్వతంత్రంగా నామినేషన్ వేస్తానంటోంది. ప్రతిపాదకురాలిగా సంతకం నేను పెడతానన్నాను. గాజులు మాత్రం తాకట్టు పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. పార్టీల ఖర్చుపై పరిమితి పెట్టే సవరణ ముసాయిదా ఎప్పుడు తెస్తారో తెలిపితే, ఆ జవాబు ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు