గోదావరి గట్టు మీద ఉన్నది హారతి ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

2027 పుష్కరాల పేరు చెప్పి రాజమహేంద్రవరంలో ఘాట్ల గురించి, రోడ్ల గురించి, లైటింగ్ గురించి ఏదో ఒక వార్త వస్తూనే ఉంది, సంతోషమే. కానీ ఊరికి వచ్చేవాళ్లకి ఈ ఊళ్లో ఏముందో చెప్పే ఏర్పాటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు వచ్చేవాళ్ల కార్యక్రమం దాదాపు ఒకటే. పుష్కర ఘాట్‌లో స్నానం, మార్కండేయస్వామి దర్శనం, సాయంత్రం హారతి, వంతెన వెనకాల పడేలా నాలుగు ఫొటోలు, మర్నాడు పాపికొండల లాంచీ. వాళ్లని తప్పు పట్టడానికేం లేదు, తెలిస్తే కదా వెళ్లడానికి.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీనే తీసుకోండి. గోదావరి గట్టునే ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు కుర్రాడిగా ఉన్న రామారావు చేతిలో ఏముందో పసిగట్టి ప్రోత్సహించాడు, రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చాడు, ఇక్కడే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టాడు, 1925లో మశూచి సోకి పోయేనాటికి ఆయనకి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కాస్త కాలంలో వేసినవాటిలో ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటివి చూస్తే ఆంధ్ర చిత్రకళ అని ఒకటుందని ఎవరూ మనకి వేరే చెప్పక్కర్లేదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఇంకో రాష్ట్రంలో ఇలాంటి మనిషి పుట్టి ఉంటే రైల్వే స్టేషన్ గోడల నిండా ఆయన బొమ్మలే ఉండేవి. (మన స్టేషన్లో ఆ పని ఇప్పటికైనా చెయ్యొచ్చు, పెద్ద ఖర్చేం కాదు.)

రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా గట్టుకి దగ్గర్లోనే. పాత నాణేలు, శిల్పాలు, శాసనాలు, తాళపత్రాలు అన్నీ ఉన్నాయి. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి మొదలైంది ఈ ఊళ్లోనే, ఆ పని భుజాన వేసుకున్నది సుబ్బారావుగారే. తాళపత్రాలు చూడాలనే ఆసక్తి ఉన్నవాళ్లకి గౌతమీ గ్రంథాలయం కూడా ఉంది.

కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు మాత్రం పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు తప్పకుండా చూడాలి. 1881 డిసెంబరు 11న ఆయన ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపిస్తే, ఊరివాళ్ల వెలికి భయపడి వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు, అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. పాఠంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన సంగతి ఆ ఇంట్లో నిలబడి వింటే పిల్లలకి వేరేగా ఎక్కుతుంది. అయితే వినిపించడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. అసలు గైడ్ అనే మాట మన ఊళ్లో ఎంతమంది విన్నారు?

ఇక హేవలాక్ వంతెన. 1897లో కట్టడం మొదలుపెట్టి 1900కల్లా రైళ్లు నడిపారు, 1997లో ఆపేశారు, అప్పటి నుంచి ఆ స్తంభాలు అలాగే ఉన్నాయి. 94.44 కోట్ల అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టులో దాన్ని కూడా పెట్టి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు, మంచిదే. నా టెన్షనల్లా ఒకటే. దాదాపు మూడు కిలోమీటర్ల వంతెన మీద ఫుడ్ కోర్టులు, రంగురంగుల లైట్లు, సెల్ఫీ పాయింట్లు నింపేసి, దాన్ని ఎవరు ఎలా కట్టారో చెప్పే బోర్డు ఒక మూల పడేస్తారేమోనని. నడవడానికి మంచి దారి, కూర్చోడానికి నీడ, పక్కనున్న 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన గురించి నాలుగు మాటలు, ఇంతకంటే అక్కడ ఇంకేం కావాలి? ఎదురుగా గోదావరి ఉండగా తినడానికి ఏం దొరుకుతుందా అని వెతుక్కునేవాడు ఎలాగూ కోటగుమ్మం వైపు వెళ్తాడు.

ధవళేశ్వరం సంగతి కూడా ఇంతే. బ్యారేజీ మీద కారు ఆపి నీళ్లు చూసి వెళ్లిపోతారు గానీ, 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్టకి వాడిన సామాన్లు, నమూనాలు పెట్టిన మ్యూజియంలోకి అడుగు పెట్టేవాళ్లు తక్కువ. కోనసీమ పచ్చగా ఉందని మురిసిపోయేవాళ్లకి ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది అక్కడే.

కోట్లు అడగడం లేదు. ఘాట్ దగ్గర, స్టేషన్ దగ్గర ఈ చోట్లన్నీ ఎంత దూరంలో ఉన్నాయో, ఎప్పుడు తెరుస్తారో తెలుగులోనూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసిన బోర్డులు, అన్నిటికీ చెల్లే ఒకే టికెట్టు, శుభ్రమైన బాత్‌రూములు. అన్నిటికన్నా ముఖ్యం వేళలు. మన ఎండల్లో మధ్యాహ్నం ఎవరూ గట్టు మీద తిరగరు, జనం వచ్చేది సాయంత్రం అయిదు దాటాకే, కాబట్టి పుష్కరాల రోజుల్లోనైనా మ్యూజియం, గ్యాలరీ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి. చరిత్ర చదివిన డిగ్రీ విద్యార్థులకి కాస్త తర్ఫీదు, కొంత భత్యం ఇస్తే గైడ్ల కొరత కూడా తీరుతుంది.

హేవలాక్ వంతెన ప్లాను ఏమిటో, అందులో దుకాణాలకి ఎంత చోటు, నడకదారికి ఎంత చోటు ఇచ్చారో మీ విలేకరులు అధికారుల్ని అడిగి, పని సగంలో ఉండగానే బొమ్మతో సహా ప్రచురించండి. అభ్యంతరాలుంటే అప్పుడే చెప్పుకునే వీలుంటుంది.

ఇట్లు
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం