విషయం: నాలుగుసార్లు ‘పరిష్కారమైపోయిన’ నా ఫిర్యాదు గురించి

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. పన్నెండేళ్లుగా మీ టీవీ కనెక్షన్‌కి నెలనెలా డబ్బు కడుతున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి మా వీధి స్తంభాలన్నీ ఒరిగిపోయి, కొవ్వొత్తులతో గడిపిన నెలలో కూడా మీ బిల్లు ఆపలేదు. ఆ డబ్బు కోసం మీ మనిషి మోకాల్లోతు నీళ్లలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడు దారి బాగానే తెలిసింది.

మీ సెట్‌టాప్ పెట్టె పాడైంది. ఎర్ర లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు. దాని సంగతి ఇంతకన్నా రాయను. యంత్రమన్నాక పాడవుతుంది.

పాడైన వేళ మాత్రం చెప్పాలి. అంతు చిక్కని కథలంటే నాకు మొదట్నించీ పిచ్చి. ఈటీవీలో ‘అన్వేషిత’ వచ్చే రోజుల్లో మా ఆయన తలుపు గడియ రెండుసార్లు చూసొచ్చి గానీ పడుకునేవారు కాదు. ఇప్పుడు మా మనవడు ‘డార్క్’ చూడు అమ్మమ్మా అన్నాడు. జర్మన్ సీరియల్. విండెన్ అని ఓ ఊరు, దాని పక్కన గుహ, 33 ఏళ్లకోసారి ముడిపడే కాలం. 2019లో పిల్లలు మాయమైతే ఆ జాడ 1986కీ, 1953కీ పోతుంది. ఉన్నవి నాలుగు కుటుంబాలే గానీ ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక చచ్చాను. నోటుబుక్కులో వంశవృక్షం గీసుకున్నాను. మా అమ్మాయి సంబంధానికి కూడా ఇన్ని వరసలు చూసుకోలేదు. మొత్తం 26 భాగాలు. 18 అయ్యాయి. ఆఖరి సీజన్ పెట్టుకుందామని కూర్చున్న రాత్రే మీ ఎర్ర లైటు వెలిగింది. నేటికి 41 రోజులు.

తెలుగు కోసం రెండు నొక్కమన్నారు, నొక్కాను. హిందీ వచ్చింది. అరగంట సంగీతం తర్వాత ఓ అమ్మాయి దొరికింది. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్’ అని ఏడుసార్లు చింతించింది. స్విచ్ తీసి వేయమంది. నలభై రోజుల్లో ఆ స్విచ్ ఎన్నిసార్లు తీసి వేశానో, ఇక అదీ పాడవుతుంది. మూడో రోజు మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

రెండోసారి ఓ అబ్బాయి. ‘విజయవాడేనా మేడమ్?’ అన్నాడు. విజయనగరం బాబూ అన్నాను. ‘అదే మేడమ్, విజయవాడ’ అన్నాడు. పైడితల్లమ్మ పేరు చెప్పాను, కోట పేరు చెప్పాను. రాసుకున్నానన్నాడు. ఏ ఊరు రాసుకున్నాడో తెలియదు గానీ, మర్నాడు టెక్నీషియన్ వచ్చి వెళ్లాడని, ఇంటికి తాళం ఉందని మెసేజ్ వచ్చింది. ఆ పొద్దున్నంతా నేను వీధి అరుగు మీదే కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. కనబడని మనుషుల సీరియళ్లు చాలా చూశాను, ఇంత బాగా ఎవరూ కనబడకుండా పోలేదు.

ఆటో కట్టించుకుని గంటస్తంభం దగ్గర మీ ఆఫీసుకి వెళ్లాను. ‘మాకేటీ తెలీదమ్మా, మేం డబ్బులు కట్టించుకోడానికే’ అన్నాడు కౌంటరు గుంటడు, ఫోన్లోంచి తలెత్తకుండా. పాపం, వాడొక్కడే నిజం చెప్పాడు.

తర్వాత సూపర్‌వైజర్ గారట, 48 గంటలు అడిగారు. అది నాలుగుసార్లు అడిగారు. ‘ట్విన్ పీక్స్’ అని అమెరికా సీరియల్ ఉంది, తీరిక ఉంటే చూడండి, మీకు చాలానే ఉన్నట్టుంది. 1991లో అందులో లారా అనే అమ్మాయి పాతికేళ్ల తర్వాత మళ్లీ కనిపిస్తానంటుంది. 2017లో వచ్చింది. ఏడాది ఆలస్యమైనా మాట నిలబెట్టుకుంది. అది చచ్చిపోయిన పిల్ల, బాబూ! బతికున్న మీరు 48 గంటల మాట నిలబెట్టుకోలేరా? ‘ఎక్స్ ఫైల్స్’ సీరియల్‌లో మల్డర్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటు గదిలో ‘నమ్మాలని ఉంది’ అని ఓ పోస్టరు ఉంటుంది. మీ మాట నమ్మాలని నాకూ ఉండేది.

41 రోజుల డబ్బు తిరిగివ్వాలి. అది ఇవ్వకపోయినా సరే, మరో స్విచ్ కథ చెప్పని మనిషి ఒకరు నాతో మాట్లాడాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, మా వీధిలో పదకొండు ఇళ్ల చేతా మీ పెట్టెలు పీకిస్తాను. సిరిమానోత్సవానికి మనవడు వస్తున్నాడు. ఈలోగా చూడకపోతే ఆఖరి భాగం వాడు నోరాపుకోలేక చెప్పేస్తాడు. అప్పుడు మీరు నక్షత్రాల్లాంటి పెట్టెలు పది తెచ్చినా నాకు వద్దు.

మొన్నటి మెసేజ్ గురించి కూడా రాయాలి. టెక్నీషియన్ గేటు దాకా వచ్చి, కుక్క మొరిగితే భయపడి తిరిగి వెళ్లాడట. రామాలయం పక్క సందులో ఆకుపచ్చ గేటు మాది. ఎప్పుడైనా రావచ్చు. మా ఇంట్లో కుక్క లేదు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు