లెక్చరర్ పోస్టుల ఈక్వివలెన్స్: నోటిఫికేషన్‌కు ముందే తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుల్లో ఈక్వివలెన్స్ గొడవ, అంటే ఒక పేరున్న పీజీ ఇంకో పేరున్న పీజీకి సమానమా కాదా అన్న గొడవ గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. అభ్యర్థుల ఆందోళన అని ఒక ఫొటో, కింద నాలుగు లైన్లు. చదివేవాళ్లకు 'అర్హత లేనివాళ్లు పోస్టు అడుగుతున్నారు కాబోలు' అనిపిస్తుంది. ఆ ఫొటోలో ఉండాల్సిన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా వేయగలరని ఆశ.

నేను మహబూబాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడ్‌కు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు, సెలవుల్లో ఏమీ ఉండదు. చెప్పేది బోటనీ. నా ఎమ్మెస్సీ మెమో మీద మాత్రం 'ప్లాంట్ సైన్స్' అని ఉంటుంది. రెగ్యులర్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే అప్లై చేశాను. ఆన్‌లైన్ ఫారంలో పీజీ సబ్జెక్టు దగ్గర ఒక జాబితా వస్తుంది. అందులో ప్లాంట్ సైన్స్ లేదు. చివర్లో 'ఇతర' అని ఉంటే అది నొక్కి, పక్క గడిలో సబ్జెక్టు పేరు టైప్ చేశాను. ఫారం తీసుకుంది. ఫీజు తీసుకున్నారు. హాల్‌టికెట్ వచ్చింది. పరీక్ష రాశాను, మెరిట్ లిస్టులో పేరొచ్చింది. అప్పటిదాకా నా డిగ్రీ గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అడిగింది సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున. టెన్త్ మెమో నుంచి నాన్ క్రీమీలేయర్ దాకా వరసగా పెట్టుకుని, అటెస్టేషన్ సెట్లతో వెళ్లాను. నా టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన ఆకుపచ్చ పెన్నుతో ఒక్కో కాగితానికి టిక్ పెడుతూ వచ్చి, పీజీ మెమో దగ్గర ఆగిపోయారు. "బోటనీ అని లేదు కదమ్మా" అన్నారు. నాలుగు సెమిస్టర్ల సిలబస్ ఫైల్లోనే ఉంది, తీసి ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గానే తిప్పి చూశారు. చూసి, "నేను కెమిస్ట్రీ వాణ్నమ్మా. ఇది బోటనీకి సమానమో కాదో నేనెట్లా చెప్తాను? మాకిచ్చిన చెక్‌లిస్టులో బోటనీ అనే ఉంది" అన్నారు. రిమార్కుల గడిలో 'ఈక్వివలెన్స్‌కు లోబడి' అని రాసి, గడువులోగా సర్టిఫికెట్ తెస్తానని నాచేత అండర్‌టేకింగ్ రాయించుకున్నారు.

ఆయన్ను నేను తప్పుపట్టను. ఉన్నమాట చెప్పారు. నా అభ్యంతరమల్లా, ఆ ప్రశ్న ఆ టేబుల్ దాకా ఎందుకొచ్చిందన్నదే.

తర్వాత జరిగింది ఈ దారిలో నడిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చలానా కట్టి దరఖాస్తు ఇస్తే డిపార్ట్‌మెంటుకు పంపారు. డిపార్ట్‌మెంట్ వాళ్లు, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్‌పర్సన్ రాసివ్వాలన్నారు. గడువు దాటిపోతుందేమోనన్న టెన్షన్‌లో ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాగితం చేతికొచ్చింది. సిలబస్ పోల్చి చూశామని, ఈ కోర్సును ఎమ్మెస్సీ బోటనీకి సమానంగా పరిగణించవచ్చని అందులో ఉంది. రిక్రూట్‌మెంట్ వాళ్లకు పట్టుకెళ్లి ఇస్తే, "యూనివర్సిటీ చెప్తే సరిపోదు, ప్రభుత్వం నుంచి జీవో ఉండాలి" అన్నారు. జీవో కోసం వెళ్తే, "రిక్రూట్‌మెంట్ వాళ్లు మాకు లెటర్ రాస్తే చూస్తాం, మీరు అడిగితే ఎట్లా ఇస్తాం?" అన్నారు. ఇక మిగిలింది హైకోర్టు.

ఇక్కడ ఇంకొకరి గురించి చెప్పాలి. మెరిట్‌లో నా వెనకే ఉన్న అమ్మాయిది ఎమ్మెస్సీ బోటనీ. మేమిద్దరం ఒకప్పుడు ఒకే కాలేజీలో గెస్టులుగా పనిచేశాం, నన్ను అక్కా అనే పిలుస్తుంది. నేను వేసిన కేసులో తనూ ఇంప్లీడ్ అయింది, అంటే తననూ పార్టీగా చేర్చుకోమని కోర్టును అడిగి చేరింది. ఫోన్ చేసి, "అక్కా, నీ మీద కోపమేం లేదు. నోటిఫికేషన్‌లో బోటనీ అనే ఉంది గదా, మరి ఆ పోస్టు నాకు రావాలె గదా" అంది. నోటిఫికేషన్ చదివి తనలా అనుకోవడంలో తప్పేముంది? దాన్ని నమ్మే తనూ ఉద్యోగం లేకుండా ఏళ్లు చదివింది. ఇప్పుడు ఆ పోస్టు నాకూ రాలేదు, తనకూ రాలేదు. కోర్టు తీర్పుకు లోబడి ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీలోనే మళ్లీ ఒక గెస్ట్ వెళ్లి పాఠం చెబుతున్నారు.

మా ఇద్దరి సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూడమని ఎవరినైనా అడుగుతాను. శైవలాలు, శిలీంధ్రాలు, బ్రయోఫైట్లు, టెరిడోఫైట్లు, వివృతబీజాలు, ఆవృతబీజాల వర్గీకరణ, అంతర్నిర్మాణం, పిండోత్పత్తి, ప్లాంట్ ఫిజియాలజీ, జెనెటిక్స్, ఎకాలజీ. తను చదివినవే నేనూ చదివాను. నాకు టిష్యూ కల్చర్, మాలిక్యులర్ బయాలజీ కొంచెం ఎక్కువ, తనకు టాక్సానమీలో ఒక ఎలక్టివ్ ఎక్కువ. హెర్బేరియం షీట్లు తనూ కట్టింది, నేనూ కట్టాను. తంగేడు కొమ్మను పేపర్ల మధ్య నొక్కి, తేమ పట్టకుండా రోజూ పేపర్ మార్చి, కుటుంబం పేరు, దొరికిన చోటు రాసి అతికించే పని ఏ మెమో మీద ఏం రాసినా ఒకటే.

మరి పేరెందుకు మారింది? పీజీలో బోటనీ సీట్లు మిగిలిపోతుంటే, అటు బయోటెక్నాలజీకి పిల్లలు ఎగబడుతుంటే, చాలా చోట్ల పాత డిపార్ట్‌మెంట్లు కోర్సులకు కొత్త పేర్లు పెట్టుకున్నాయి. సిలబస్‌లో రెండు మూడు పేపర్లు మారాయి, బోర్డు మీద పేరు మారింది. ఆ హక్కు వాటికి ఉంది. 2014లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గెజిట్‌లో ఇచ్చిన డిగ్రీల జాబితా ఎమ్మెస్సీ, ఎంకాం లాంటి డిగ్రీ పేరును ఖాయం చేస్తుంది గానీ, ఆ ఎమ్మెస్సీ ఏ సబ్జెక్టులో అన్నది యూనివర్సిటీలకే వదిలేసింది. కౌన్సెలింగ్‌లో సీటు తీసుకునే ఇరవై ఏళ్ల పిల్లకు, ఈ పేరుతో రేపు లెక్చరర్ పోస్టు దగ్గర చిక్కు వస్తుందని ఏ బ్రోచర్‌లోనూ రాసి ఉండదు.

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 'సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో' 55 శాతం మార్కులతో పీజీ, దానితోపాటు లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ (జాతీయ స్థాయి) గానీ సెట్ (రాష్ట్ర స్థాయి) గానీ పాసై ఉండాలని ఉంది. ఏ సబ్జెక్టుకు ఏది అనుబంధమో యూజీసీ జాబితా ఇవ్వలేదు. ఆ ఖాళీని రాష్ట్రాలు పూరించుకోవాలి. చిత్రమేమిటంటే, సెట్ దగ్గర ఈ ఇబ్బంది లేనే లేదు. నెట్‌లోనూ సెట్‌లోనూ బోటనీ అని విడిగా పేపర్ ఉండదు. బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివిన అందరమూ లైఫ్ సైన్సెస్ పేపరే రాస్తాం. నా సెట్ సర్టిఫికెట్ మీద కూడా లైఫ్ సైన్సెస్ అనే ఉంది. ఆ కాగితానికి అదే టేబుల్ దగ్గర టిక్ పెట్టారు. లైఫ్ సైన్సెస్ సెట్ బోటనీ పోస్టుకు సరిపోతుందని ముందే నిర్ణయించి పెట్టారు కాబట్టి అక్కడ ఎవరికీ సందేహం రాలేదు. పీజీ విషయంలో ఆ పని చేయలేదు.

ఏ డిగ్రీనైనా దేనికైనా సమానం చేసేయమని నేను అడగడం లేదు. మైక్రోబయాలజీ చదివిన స్నేహితులు కొందరు బోటనీ పోస్టులు తమకూ ఇవ్వాలంటారు. బీఎస్సీ బోటనీ మొదటి సెమిస్టర్‌లో బ్యాక్టీరియా, వైరస్‌లు ఉంటాయి, నిజమే. ఆ యూనిట్ వాళ్లు నాకంటే బాగా చెప్పగలరు. స్లైడ్ మీద స్మియర్ ఆరబెట్టి, క్రిస్టల్ వయలెట్, అయోడిన్ వేసి, ఆల్కహాల్‌తో ఎన్ని సెకన్లు కడగాలో, శాఫ్రనిన్ ఎప్పుడు వేయాలో వాళ్లకు కొట్టినపిండి. కానీ తర్వాతి సెమిస్టర్లకు వచ్చేసరికి పువ్వు కోసి ఫ్లోరల్ ఫార్ములా రాయించాలి, కాండం అడ్డుకోత తీసి చూపించాలి. ఎమ్మెస్సీలో వాటిని ముట్టని వాళ్లు పిల్లలకు ఎలా నేర్పుతారు? నా అభిప్రాయం ఇది. నిపుణులు కూర్చుని వేరేలా తేలిస్తే ఒప్పుకుంటాను. పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మధ్య, ఎంకాం, ఎంబీఏ మధ్య, హిస్టరీకీ ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రానికీ మధ్య ఇలాంటి ప్రశ్నలే ఉన్నాయి. కొన్నింటికి జవాబు ఔను, కొన్నింటికి కాదు. కాదంటే కూడా మేలే, ముందే చెబితే. అప్పుడు ఆ పిల్లలు ఆ పోస్టు కోసం రెండేళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరగరు.

కోర్టుకు వెళ్లమని సులువుగా చెప్పేస్తున్నారు. కోర్టులేమో ఇది మా పని కాదని ఎప్పటినుంచో చెబుతున్నాయి. మన దగ్గరి కేసే ఒకటుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, పాత హైదరాబాద్ రాష్ట్ర ఇంజినీరింగ్ సిబ్బంది సర్వీసు వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. మహమ్మద్ షుజాత్ అలీ కేసు అంటారు. అర్హతల సమానత్వం సాంకేతిక విషయమని, దాన్ని నిపుణుల సలహాతో ప్రభుత్వం తేల్చాలని, కోర్టులు ఊరికే వేలు పెట్టకూడదని 1974లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2018లో జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చిన జహూర్ అహ్మద్ రాథర్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే మాట అంది. ఏ అర్హత దేనికి సమానమో చెప్పాల్సింది ఉద్యోగమిచ్చే ప్రభుత్వమే అంది. ఇంత స్పష్టంగా బాధ్యత ఎవరిదో చెప్పాక కూడా మా ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతున్నాయి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లో చూశాం. అక్కడ డిగ్రీ కాలేజీల్లో ఎడ్యుకేషన్ సబ్జెక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు 2014లో నోటిఫికేషన్ ఇచ్చారు. ఎంఏ ఎడ్యుకేషన్ వాళ్లే అర్హులా, ఎంఈడీ వాళ్లు కూడానా అని తగువు. మధ్యలో సవరణ ఇచ్చి ఎంఈడీని చేర్చారు. అలహాబాద్ హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. చివరికి 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, నిపుణుల అభిప్రాయం తీసుకునే చేశారు కదా అని ఎంఈడీ వాళ్ల పక్షాన నిలిచింది. అంతా మంచికే జరిగిందని అనుకున్నా, ఒక్క ప్రశ్నకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఎంతమందికి వయోపరిమితి దాటి ఉంటుంది?

చేయడం కష్టమా అంటే అదీ కాదు. ఇంజినీరింగ్ వాళ్లకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి) 2017 ఏప్రిల్‌లో ఒక గెజిట్ ఇచ్చింది. ప్రధాన బ్రాంచి ఒకటి రాసి, టీచింగ్ పోస్టుల కోసం దానికి సరిపోయే కోర్సుల పేర్లన్నీ దాని ఎదురుగా రాశారు. అందులోనూ లోపాలుండొచ్చు, ఆ తర్వాత వచ్చిన కొత్త కోర్సుల పేర్లు చేర్చాల్సి ఉండొచ్చు. కానీ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి చూసుకోవడానికి చేతిలో ఒక కాగితమైతే ఉంది. ఆర్ట్స్, సైన్స్, కామర్స్ సబ్జెక్టులకు అలాంటి కాగితం ఒకటి మన ఉన్నత విద్యామండలి తయారు చేయలేదా? రాష్ట్రంలో ఉన్న యూనివర్సిటీలు ఎన్ని, వాటిలో ఉన్న పీజీ కోర్సుల పేర్లు ఎన్ని? ఒక్కో సబ్జెక్టుకు బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్‌పర్సన్లను ఒకచోట కూర్చోబెడితే ఒక వేసవి సెలవుల పని. సిలబస్‌లో ఎంత భాగం కలిస్తే సమానమో ఒక లెక్క పెట్టుకోండి. ఆ జాబితాకు జీవో ఇచ్చి, నోటిఫికేషన్‌కు అనుబంధంగా జతచేయండి. ఆన్‌లైన్ ఫారంలో ఆ 'ఇతర' అనే మాట తీసేయండి. జాబితాలో లేని కోర్సు వాళ్లుంటే పరీక్షకు ముందే దరఖాస్తు పెట్టుకోమనండి, హాల్‌టికెట్ ఇచ్చేలోగా ఔనో కాదో చెప్పేయండి.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో, నెట్ రాసిన సబ్జెక్టే ముఖ్యమని, పీజీ వేరే సబ్జెక్టులో ఉన్నా ఫర్వాలేదని ఒక ప్రతిపాదన ఉంది. అదొచ్చాక అన్నీ సర్దుకుంటాయని కొందరంటున్నారు. నాకు నమ్మకం లేదు. లైఫ్ సైన్సెస్ నెట్‌తో బోటనీ పోస్టుకా, జువాలజీ పోస్టుకా అన్న ప్రశ్న అప్పుడూ ఉంటుంది. దాన్ని మళ్లీ ఆ టేబుల్ దగ్గరే అడుగుతారు.

మా కాలేజీలో ఫైనలియర్ పిల్లలు పీజీ ఎంట్రన్స్‌కు తయారవుతున్నారు. "మేడం, బోటనీ పెట్టుకోవాల్నా, బయోటెక్ పెట్టుకోవాల్నా?" అని అడుగుతారు. ఇష్టమున్నది చదవండని చెప్పాల్సిన దాన్ని. ఇప్పుడైతే, సీటొచ్చిన చోట పరీక్షల విభాగానికి వెళ్లి, సర్టిఫికెట్ మీద సబ్జెక్టు పేరు ఏమని అచ్చవుతుందో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టమంటున్నాను.

ఉన్నత విద్యామండలి, కళాశాల విద్యాశాఖ, నియామక సంస్థలు కలిసి కూర్చుని, తర్వాతి లెక్చరర్ నోటిఫికేషన్ వెలువడేలోగా ఈ జాబితాను ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను. ఇప్పటికే ఈక్వివలెన్స్ పేరుతో పెండింగ్‌లో ఉన్న ఫైళ్లను సబ్జెక్టు నిపుణుల కమిటీకి పంపి, తేదీ చెప్పి పరిష్కరించాలి. ఆ కమిటీ నా డిగ్రీ చెల్లదంటే, కారణం రాసివ్వమనండి చాలు. నా తర్వాత ఉన్న అమ్మాయికి ఆ పోస్టు వెంటనే ఇచ్చేయొచ్చు.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్,
మహబూబాబాద్ జిల్లా