వార్షిక నివేదిక: బండ్లలో కెమెరాలు పెట్టాక మనం నేర్చుకున్నది

మన బండ్ల యజమానుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సభ్యత్వాల పునరుద్ధరణ, ఆడిట్ ఎప్పటిలాగే పూర్తయ్యాయి. లెక్కల పత్రం విడిగా జతచేశాం. ఈ ఏడాది కమిటీ సమయమంతా కెమెరాలే తినేశాయి కాబట్టి ఇక్కడ వాటి గురించే రాస్తున్నాను.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినట్టు, ముందుకొచ్చిన సభ్యుల బండ్లకు కెమెరాలు బిగించాం. ఒకటి రోడ్డును చూస్తుంది, ఒకటి క్యాబిన్‌ను. గట్టిగా బ్రేక్ పడినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగినా లోపలి సెన్సర్ ఆ కుదుపును పట్టుకుని, దానికి ముందూ తర్వాతా కొన్ని సెకన్ల వీడియోను విడిగా దాస్తుంది. మెమరీ కార్డు నిండితే మిగతా పాత వీడియో చెరిగిపోయి దాని మీదే కొత్తది ఎక్కుతుంది. మొదట్లో సెన్సర్‌ను మరీ సున్నితంగా పెట్టడం మా పొరపాటే. ఖాళీ బండి ఎక్కువ ఎగురుతుందని తెలిసి కూడా అన్నిటికీ ఒకే సెట్టింగ్ పెట్టాం. ప్రతి గుంతకీ ఒక క్లిప్ వచ్చేది. వాటిని చూడాల్సిన కమిటీ సభ్యులు వారంలోనే చేతులెత్తేశారు.

డ్రైవర్లు ఒప్పుకోరేమో అనుకున్నాం, అలాగే జరిగింది. కొందరు క్యాబిన్ కెమెరా మీద తువ్వాలు కప్పారు. వాళ్లను తప్పుపట్టలేను. మన సభ్యుడే ఒకరు ఒక క్లిప్‌ను సరదాకి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ డ్రైవర్ మూడు రోజులు బండి ఎక్కలేదు. ఆ తర్వాత డ్రైవర్లతో కూర్చుని నియమాలు రాసుకున్నాం. ఇంజిన్ ఆగితే క్యాబిన్ కెమెరా ఆగాలి, మాటలు రికార్డు కాకూడదు, తన క్లిప్‌ను డ్రైవరే ముందుగా చూడాలి, అది కమిటీ గది దాటి పోకూడదు. తువ్వాళ్లు ఆ తర్వాతే తొలగాయి.

కెమెరా ఉంటే చాలు, భయానికి జాగ్రత్తగా నడుపుతారన్న వాదన సమావేశాల్లో చాలాసార్లు వినిపించింది. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు రవాణా సంస్థల బండ్లలో దీన్ని పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. మొదటి 4 వారాలు కెమెరా ఊరికే రికార్డు చేసింది. తర్వాతి 13 వారాలు పరికరం డ్రైవర్‌కు దీపంతో సంకేతమిచ్చింది, క్లిప్పులు చూపించి మాట్లాడటమూ మొదలైంది. ప్రమాదకర సంఘటనలు ఒక సంస్థలో 37 శాతం, రెండోదానిలో 52 శాతం తగ్గాయి. కెమెరా అయితే మొదటి రోజు నుంచీ ఉంది.

అందుకే క్లిప్ వచ్చిన రెండు రోజుల్లోపు డ్రైవర్‌తో మాట్లాడాలని పెట్టుకున్నాం. ముందు ఆయన్నే చెప్పమంటాం. ఒకసారి గట్టి బ్రేక్ క్లిప్ చూసి, మందలింపు కాగితం కూడా రాసేశాం. తర్వాత రోడ్డును చూసే కెమెరాలో చూస్తే పక్క నుంచి ఒక బైక్ అడ్డం వచ్చింది. ఆయన ఆపకపోయి ఉంటే ఇవాళ వేరే నివేదిక రాసేవాణ్ని. కాగితం చించేసి టీ ఇప్పించాం.

ఫోన్ విషయంలో మాత్రం మెతకగా ఉండలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లకు పైగా పోతుంది. ఫోన్ వైపు 5 సెకన్లు చూస్తే దాదాపు 111 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. శిక్షణ రోజున ఆ దూరాన్ని టేపుతో కొలిచి చూపిద్దామనుకుంటే మన యార్డు చాలలేదు. డ్రైవర్లకు అదే గుర్తుండిపోయింది.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. ఒక సభ్యుడి బండిని వెనక నుంచి మరో బండి గుద్దింది. సాక్ష్యం ఉందన్న ధీమాతో కార్డు తీస్తే, అందులో కొన్ని వారాలుగా ఏమీ రికార్డు కాలేదు. ఎండ వేడికి, ఆగకుండా రికార్డు చేయడానికి మామూలు కార్డులు త్వరగా అరిగిపోతాయి. ఇప్పుడు నిరంతర రికార్డింగ్ కోసం తయారైన కార్డులు వాడుతున్నాం. నెలకోసారి కార్డు, కెమెరా గడియారం, లెన్స్ మీద దుమ్ము చూస్తున్నాం.

వచ్చే ఏడాదికి, కునికిపాటును పసిగట్టే కెమెరాలు కొనాలన్న ప్రతిపాదన ఉంది. అవి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో చీకట్లోనూ కళ్ల రెప్పలను గమనిస్తాయి. పనికొచ్చే వస్తువే. కానీ నిద్ర చాలని మనిషికి కావలసింది నిద్ర, బజర్ కాదు. ట్రిప్పుల సమయాలు వేసేది మనమే కాబట్టి ముందు వాటిని సరిచేద్దామని నా అభిప్రాయం. చర్చకు పెడుతున్నాం.

కెమెరాలున్న సభ్యులు సమావేశానికి కార్డులు తీసుకురండి, అక్కడే తనిఖీ చేస్తాం.

కార్యదర్శి