గుడ్లు పెట్టని నత్తతోనే అసలు ముప్పు

సంపాదకుడు గారికి,

‘కాలువల్లో నత్తల గుడ్లు తగ్గాయి, పశువులకు ముప్పు లేదు’ అని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. ఎవరైనా సవరిస్తారేమోనని చూశాం, ఎవరూ పలకలేదు. నత్తలకు పరాన్నజీవులు సోకి సంతానం పోతోందట, కాబట్టి వాటి బెడద దానంతటదే విరగడవుతుందట, రైతులు నిశ్చింతగా ఉండొచ్చట. సంతానం పోతుందన్నంత వరకూ నిజమే. మిగతాదంతా తలకిందులు.

ఇక్కడ జలగ అంటే రక్తం పీల్చే నీటి జలగ కాదు, పశువు ఒంట్లో ఉండే పరాన్నజీవి పురుగు. పశువు పేడలోంచి నీళ్లలో పడ్డ దాని గుడ్డు పగిలి మిరాసిడియం అనే ఈదే పిల్ల బయటికొస్తుంది. దాని ఆయుష్షు దాదాపు ఒక్క రోజు. ఈలోగా తగిన నత్త దొరికితే లోపలికి దూరి స్పోరోసిస్టు అనే సంచిలా మారుతుంది. కార్జపు జలగ, పొట్ట జలగ అయితే ఆ స్పోరోసిస్టుల్లోంచి రీడియాలనే తర్వాతి దశ పిల్లలు పుడతాయి. రీడియాకు నోరుంటుంది, నత్త కణజాలాన్ని కొరికి తింటుంది. గురక వ్యాధి తెచ్చే షిస్టోసోమా నాసేల్ అనే జలగ (దాని గుడ్లు పశువు ముక్కు చీమిడిలో వస్తాయి) రీడియాల జోలికి పోదు. నోరు లేని స్పోరోసిస్టులే జీర్ణగ్రంథి నిండా పరుచుకుని పోషకాలు పీల్చేస్తాయి. గుడ్లూ వీర్యమూ రెండూ తయారయ్యే గ్రంథి చిప్ప కొసలో ఆ జీర్ణగ్రంథిని అంటుకునే ఉంటుంది. దానికిక దక్కేదేమీ లేక కుంచించుకుపోతుంది. ఎదగకముందే సోకిన పిల్ల నత్తల్లోనైతే ఆ గ్రంథి సరిగ్గా ఏర్పడనే ఏర్పడదు.

తిండి కాజేయడంతో కథ అయిపోలేదు. యూరప్ చెరువుల్లో ఉండే లిమ్నియా స్టాగ్నాలిస్ నత్త మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన పరిశోధనల్లో షిస్టోసోమిన్ అనే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ లాంటి పదార్థం) బయటపడింది. పక్షుల జలగ సోకినప్పుడు నత్త శరీరమే దాన్ని వదులుతుంది, అది గుడ్లు పెట్టించే హార్మోను పనిని అడ్డుకుంటుంది. గుడ్లకు ఖర్చు కావలసిన శక్తి జలగ పిల్లలకు పోతుంది. నత్త మాత్రం వెంటనే చావదు. కొన్ని జాతుల్లో మామూలు కంటే పెద్దగా కూడా పెరుగుతుంది. గుడ్లు లేని ఆ నత్తే రోజూ వందల్లో, ఒక్కోసారి వేలల్లో సెర్కేరియాలను, అంటే పశువులకు సోకే తోక ఉన్న జలగ పిల్లలను, నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. గుడ్లు తగ్గాయి గనక ముప్పు తగ్గిందనడం, వట్టిపోయిన గేదె పేడ కూడా వెయ్యదులే అనుకోవడం లాంటిది.

ఇంకో తిరకాసు ఉంది. దక్షిణ అమెరికా నత్త బయోమ్ఫలేరియా గ్లబ్రాటా మీద మిన్‌చెల్లా, లోవెర్డీ 1981లో చూపించిందేమిటంటే, జలగ సోకిన తొలి రోజుల్లో నత్త మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ముందుముందు పెట్టే వీలుండదు గనక ఉన్నప్పుడే పెట్టేస్తుందన్నమాట. కొన్ని వారాలకు సెర్కేరియాలు తయారయ్యే వేళకు గుడ్లు దాదాపు ఆగిపోతాయి. అన్ని జాతులూ ఇలాగే చేస్తాయని కాదు. కానీ గుడ్లు పెరిగినా తగ్గినా ఆ ఒక్క లెక్కతో తేలేది ఏమీ లేదు. ఎండ మండినా, నీళ్లు చెడినా కూడా గుడ్లు తగ్గుతాయి. పైగా మామూలుగా జలగ సోకేది నూటికి కొద్ది నత్తలకే. మిగతావి పెడుతూనే ఉంటాయి. మన దగ్గర ఈ జలగల్ని మోసే లిమ్నియా, ఇండోప్లానార్బిస్ నత్తలు ద్విలింగ జీవులు. ఒంటరి నత్త కూడా తనకు తానే ఫలదీకరణ చేసుకుని సంతతి నిలబెట్టగలదు. ఇక విరగడయ్యేదెప్పుడు?

ఆ వార్త పక్కన వేసిన ఫొటో పిలా గ్లోబోసాది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన ప్రతివాడూ కోసి చూసిన నత్త. మగా ఆడా వేరువేరుగా ఉంటాయి, గట్టు మీద తడి మట్టిలో తెల్లటి గుండ్రని గుడ్లు గుత్తులుగా పెడుతుంది. జలగల్ని మోసే లిమ్నియా, ఇండోప్లానార్బిస్ గుడ్లు జిగురు ముద్దలుగా నీళ్లలోనే, గుర్రపుడెక్క ఆకుల అడుగున అంటుకుని ఉంటాయి. గట్టు మీద నడిచి రాసిన లెక్కలో అవెలా చేరతాయి? చెప్పులు తడవకుండా సర్వే చేయడం మన యంత్రాంగానికి వచ్చిన గొప్ప విద్య.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. గుర్రపుడెక్క వేళ్లను జల్లెడలో జాడించి, చేతి తొడుగులు వేసుకుని నత్తల్ని ఏరాలి. నాట్లేసేవాళ్ల కాళ్లకొచ్చే దురదల్లో కొన్ని ఈ సెర్కేరియాల పుణ్యమే మరి. ఒక్కో నత్తను ఒక్కో చిన్న గాజు సీసాలో పది మిల్లీలీటర్ల నీళ్లలో వేయాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు నేరుగా పోస్తే సెర్కేరియాలు చస్తాయి, రాత్రంతా మూత తీసి ఉంచిన నీళ్లు కావాలి. పొద్దుటి వెలుతురులో, నీళ్లు వేడెక్కకుండా, రెండు గంటలుంచి నల్ల కాగితం ముందు భూతద్దంతో చూడాలి. తోక చీలి ఉంటే షిస్టోసోమా అయి ఉండొచ్చు, పక్షుల జలగ కూడా కావచ్చు, సూక్ష్మదర్శిని కింద తేల్చాలి. రెండు కంటిచుక్కలతో ముదురు రంగులో ఉంటే పొట్ట జలగ. కార్జపు జలగదైతే కాసేపటికే తోక వదిలేసి సీసా గోడకు తెల్లటి చుక్కలా అతుక్కుపోతుంది. ఏమీ కనబడకపోతే శుభ్రమని రాసేయకూడదు. వారం పది రోజులాగి మళ్లీ చూడాలి, చివరికి రెండు గాజు పలకల మధ్య నత్తను నలిపి లోపల రీడియాలు, స్పోరోసిస్టులు ఉన్నాయేమో చూడాలి.

ఇవన్నీ వదిలేసి గట్టున బ్లీచింగ్ చల్లి ఫొటో దిగడంతో సరి. అది ప్రవాహంలో కొట్టుకుపోతుంది, మడుగుల్లో చల్లితే చేపలు చస్తాయి, ఇండోప్లానార్బిస్ బురదలోకి దూరి కూర్చుంటుంది. కాలువలు కట్టేసిన ఎండాకాలాన్నీ అది అలాగే దాటేస్తుంది. పేడ, చీమిడి పరీక్ష చేసే మనిషి లేడు, సూక్ష్మదర్శినికి తొడిగిన ముసుగు తీసే మనిషి లేడు, ప్రెస్ నోటు రాసే మనిషి మాత్రం ఎప్పుడూ ఉంటాడు. దాన్ని అక్షరం మార్చకుండా వేసేవాళ్లూ ఉంటారు, మీరు ఏమనుకున్నా సరే.

బందరు, రైవస్, కొమ్మమూరు కాలువలకు నీళ్లు వదలకముందే కనీసం మడుగుల్లో మిగిలిన నత్తల్నైనా సీసాల్లో పెట్టి చూడమనండి. ఈ లేఖ వేసేటప్పుడు మాత్రం దయచేసి ఆ పిలా ఫొటో మళ్లీ పెట్టకండి.

— ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు