వణుకుతూ కోసే టూలు

ఆటోనగర్, విజయవాడ

బుజ్జితల్లీ,

మొన్న ఫోనులో నవ్వానని అలిగావట, మీ అమ్మ చెప్పింది. మీ ప్రయోగంలో లోహం కోసే టూలును కావాలనే వణికిస్తామంటే నవ్వు రాదా మరి? ముప్పై ఏళ్లుగా, లోహాన్ని తిప్పుతూ కోసే ఈ లేత్ మీద నా పోరాటమంతా ఆ వణుకుతోనే. టూలును పట్టుకునే టూల్ పోస్టు బిగించు, మొన ఎక్కువ బయటికి రానివ్వకు, జాబు మీద, అంటే కోసే లోహం మీద, అలలు పడితే స్పీడు తగ్గించు. కుర్రాళ్లకు నేను నేర్పే మొదటి పాఠమే అది.

రాత్రి షెడ్డు మూశాక కిందటేడు వచ్చిన టైటానియం కడ్డీ గుర్తొచ్చింది. టూలు చివర బిగించే కార్బైడు మొనలు, అవే ఇన్సర్టులు, ఒక్క పూటలో నాలుగు మింగింది. మామూలు ఉక్కు వేడిని లాగేసే తీరులో దానిది సుమారు ఏడో వంతే, వేడంతా మొన దగ్గరే ఉండిపోతుంది. చల్లబరిచే కూలెంటు ఎంత పోసినా మొనకూ, అది చెక్కే తరుగుకూ మధ్య దూరదు, అక్కడ సందంటూ ఉంటేగా! సెకనుకు 20,000 సార్లు మొన వెనక్కి జరిగితే ఆ సందు దొరుకుతుంది. అదీ నువ్వు చెప్పింది, నాకు ఆలస్యంగా ఎక్కింది.

బిల్లు వెనక లెక్క వేశాను. అటు 10, ఇటు 10 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఊపు అంటే మొన వేగం ఎంత పెరిగినా నిమిషానికి 75 మీటర్లు. జాబు అంతకంటే వేగంగా తిరిగితే మొన విడివడనే విడివడదు, ఊపి ఏం లాభం? 40 మిల్లీమీటర్ల మందం కడ్డీకి అది నిమిషానికి దాదాపు 600 చుట్లు. ఆ హద్దుకు కింద ఒకసారి, పైన ఒకసారి కోసి చూడు. ఊపు ఆపేసి కూడా ఒకసారి కోయి, కొత్త అంచుతోనే.

బిగింపు మాత్రం మరవకు. కరెంటుకు సాగి ముడుచుకునే ఆ పింగాణీ బిళ్లలు, ఊపును పెంచే హారను అనే లోహపు ముక్క అన్నీ ఒకే శ్రుతిలో ఉండాలన్నావు కదా. మృదంగం మీద మెత్తిన ముద్ద కాస్త ఎక్కువైతే నాదం మారినట్టు, ఇన్సర్టు స్క్రూ వదులైనా శ్రుతి తప్పుతుంది. వణుకు కావలసింది మొనకు, టూల్ పోస్టుకు కాదు.

ఇంకొక అనుమానం. కార్బైడు పెళుసు. వెనక్కి వెళ్లి మళ్లీ తగిలిన ప్రతిసారీ దెబ్బే కదా, అంచు రాలదా? ఆ నాలుగు ఇన్సర్టులూ గ్రీజు డబ్బా మూతలో దాచి ఉంచాను. పండక్కి వచ్చినప్పుడు తీసుకెళ్లి మీ మైక్రోస్కోపు కింద పెట్టు. అరిగాయో, రాలాయో చూసి చెప్పు.

నాన్న