నియో స్కావెంజర్‌ని తీసేయడం లేదు, రేటు మాత్రం మారుస్తున్నాం

విజయవాడ పటమటలో మన గేమింగ్ సెంటర్‌కి వచ్చే అందరికీ నమస్కారం. మూలనున్న రెండు సిస్టంలలో నియో స్కావెంజర్ అనే గేమ్ వేసినప్పటి నుంచి మీలో సగం మంది తీసేయమంటున్నారు, ఇంకొందరు ఆ కుర్చీలు వదలడం లేదు. అందరి మాటా విన్నాక రాస్తున్నాను.

ఆడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఇది 2014లో వచ్చిన గేమ్. బయోవేర్ అనే పెద్ద గేమ్ కంపెనీలో పనిచేసి బయటికొచ్చిన డేనియల్ ఫెడోర్ తన బ్లూ బాటిల్ గేమ్స్ పేరుతో చేశాడు. అంతా కూలిపోయిన అమెరికాలో, మిషిగన్‌లో, ఒంటిమీద ఆసుపత్రి గౌనుతో మెలకువ వస్తుంది. మీరెవరో మీకే గుర్తుండదు. అంతా టర్న్ బేస్డ్, అంటే మీరు కదిలితేనే కాలం కదులుతుంది. చచ్చారంటే సేవ్ కూడా, అంటే అప్పటిదాకా ఆడింది దాచిన ఫైలు కూడా, పోతుంది.

టీమ్‌గా తుపాకులతో ఆడే వాలరెంట్ బ్యాచ్ తీర్పు ఒక్క ముక్కలో వచ్చేసింది: "ఇది గేమా అన్నా, ఎక్సెల్ షీటా?" బొమ్మలు తక్కువ, చదవాల్సింది ఎక్కువ, కాదనను. ఇలాగే కూలిపోయిన అమెరికాలో సాగినా, ఆగకుండా కాల్చుకుంటూ పోయే ఫాలవుట్ 4 ఆడి వచ్చినవాళ్లకీ నచ్చలేదు. 1997లో వచ్చిన మొదటి ఫాలవుట్‌లో కూడా ఫైట్లు టర్న్ బేస్డేనంటే నమ్మలేదు వాళ్లు. బొమ్మలు బాగుండాలి, టీమ్ ఉండాలి అనుకునేవాళ్లు 2020లో వచ్చిన వేస్ట్‌ల్యాండ్ 3 అడగండి, అదీ ఉంది.

నచ్చినవాళ్లు చెప్పేది ఇంకో రకం. ఇందులో బూట్లు జతగా దొరకవు. ఎడమ కాలిది ఒకచోట, కుడి కాలిది ఎక్కడో. ఒక కాలికి బూటు, ఇంకో కాలు బోసిగా రోజంతా నడవాలి. చేతిలో ప్లాస్టిక్ కవరుంటే అందులో ఏం పడుతుందో గళ్లు లెక్కపెట్టుకుని సర్దుకోవాలి. గుంటలో నీళ్లు కాచకుండా తాగితే కలరా. కాయాలంటే గిన్నె కావాలి, పుల్లలు కావాలి, అంటించడానికి లైటర్ కావాలి. ఫైట్ వచ్చినా అంతా అక్షరాల్లోనే: కాలడ్డం పెట్టి పడగొట్టడమా, లొంగిపొమ్మని బెదిరించడమా, పరుగెత్తడమా, ప్రతి వంతుకీ ఒకటి ఎంచుకోవాలి. దీనికే బానిసలైనవాళ్లున్నారు.

"అంతా లక్కే" అన్న కంప్లయింట్‌తో మాత్రం సగమే ఒప్పుకుంటాను. మొదట్లోనే కుక్కమనిషి అనే మృగం చేతిలో చస్తే ఒళ్లు మండుతుంది నిజమే. కానీ ఆట మొదలయ్యేముందు స్కిల్స్ చూసి తీసుకోండి. అందరూ బలం కోసం ఎగబడతారు. దాక్కోవడం, మొక్కల్ని గుర్తుపట్టడం వచ్చినవాడే ఎక్కువ రోజులు బతకడం నేను చూస్తున్నాను.

నాకు బాగా గుర్తుండిపోయిన మాట సింగ్‌నగర్ కుర్రాడిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వాళ్లింట్లో అందరూ మేడమీదే ఉండిపోయారు. మిగతావాళ్లు ఆటలో ముందు కర్ర కోసం వెతుకుతుంటే ఇతను ఖాళీ సీసాలు ఏరుకుంటాడు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేకపోవడం అతనికి తెలుసు మరి. అతని కంప్లయింట్ వేరే: "మా సందులో పై అంతస్తువాళ్లు కిందవాళ్లని పిలిచి అన్నం పెట్టారన్నా. ఇందులో మనిషి కనిపిస్తే చాలు, భయపడాల్సిందే." బూట్ల దాకా ఆలోచించిన ఆట ఇరుగుపొరుగుని వదిలేసిందని నాకూ అనిపించింది. ఇన్ని విమర్శల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదొక్కటే.

ఇక డబ్బు సంగతి, దాపరికం లేకుండా. ఈ గేమ్ వల్ల నాకు పెద్దగా మిగలదు. వాలరెంట్‌కి ఐదుగురు కలిసి వస్తారు, కూల్‌డ్రింకులు తాగుతారు. ఇక్కడ ఒకడే వచ్చి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తుంటాడు. ఆలోచిస్తున్నంతసేపూ మీటర్ తిరుగుతుంటుంది కాబట్టి అతనికీ టెన్షనే. గంటకి 60 రూపాయల లెక్క ఈ ఆటకి నప్పదు. అందుకని సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు, ఆ రెండు సిస్టంలలో దేనిమీద కూర్చున్నా, ఆ నాలుగు గంటలకీ కలిపి 120 రూపాయలు. సాయంత్రాలు, శని ఆదివారాలు మామూలు రేటే. కాలేజీ ఎగ్గొట్టి వచ్చే ఇంటర్ పిల్లలకి ఈ ఆఫర్ లేదు, ఐడీ అడుగుతాను.

సేవ్‌ల గొడవ కూడా తేల్చేద్దాం. ఈ గేమ్‌లో ఒక్క సేవే ఉంటుంది, పక్కవాడు కొత్త ఆట మొదలెడితే మీది ఎగిరిపోతుంది. లేచేముందు కౌంటర్‌లో చెబితే మీ ఫైలు మీ పేరుతో వేరే ఫోల్డర్‌లో దాచిపెడతాం. యూపీఎస్ చేతులెత్తేసి ఆట పోతే, ఆ కాపీ ఉచితంగా తిరిగి పెడతాం. ఆటలో మీరే చచ్చి "అన్నా, ప్లీజ్, పాతది పెట్టు" అంటే మాత్రం పెట్టను. ఎంత తెలిసినవాళ్లయినా సరే.